ఎర్ర కుర్చీలో రెండో బహుమతి

(పిల్లలకు లలిత సంగీతం నేర్పే ఒక మాస్టారు వేసవి శిబిరం చివరి రోజున తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మైకు మొరాయించిన చోట కొన్ని మాటలు పోయాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. వినిపిస్తోందా? సరే.

ముందు ఈ కుర్చీ సంగతి చెప్పాలి. శిబిరం మొదలైన రోజు నుంచీ దీన్ని గోడ వైపు తిప్పి వేశాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాడుతుంటే నేను గోడను చూస్తూ కూర్చున్నాను. పాడే పిల్లకు వీపు చూపించే మాస్టారిని నేనెక్కడా చూడలేదని ఒక అమ్మమ్మగారు అన్నారట. ఆవిడ అన్నదీ నిజమే, అది మర్యాద కాదు. ఈ అమర్యాద నేను స్పెయిన్‌లో నేర్చుకొచ్చాను. (నవ్వులు)

2019 జనవరిలో మా అమ్మాయి దగ్గరికి బార్సిలోనా వెళ్లాను. మూడు నెలలున్నాను. పగలు అందరూ ఆఫీసులకు పోయేవారు. నాకు భాష రాదు, చలికి బయటికి వెళ్లబుద్ధి కాదు. రాత్రిళ్లు టీవీయే దిక్కు. అక్కడ పెద్ద కార్యక్రమాలు మనలాగా ఎనిమిదింటికి మొదలవ్వవు. రాత్రి పది దాటాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాటించేస్తారు. పొద్దున్నే ఉద్యోగాలకు ఎలా లేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రాత్రుల్లో దొరికింది ఈ పాటల పోటీ. పేరు 'లా వోస్'. అంటే 'గొంతు' అని. అక్కడివాళ్ల నోట అది 'లా బోత్' లాగా వినిపిస్తుంది. నా నాలుక అలా తిరగదు కాబట్టి లా వోస్ అనే అంటాను, సర్దుకోండి.

దీని పుట్టిల్లు స్పెయిన్ కాదు, నెదర్లాండ్స్. 2010లో అక్కడ మొదలైంది, తర్వాత దేశదేశాలకూ పాకింది. మన దేశంలో హిందీలో కూడా వచ్చింది. స్పెయిన్‌లో 2012 సెప్టెంబరులో టెలెసింకో అనే ఛానెల్లో మొదలై, నేను వెళ్లిన ఏడే అంతెనా 3 అనే ఛానెల్‌కి మారింది. పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నలుగురు పేరున్న గాయకులు పెద్ద ఎర్ర కుర్చీల్లో వేదికకు వీపు పెట్టి కూర్చుంటారు. పాడేవాళ్ల ముఖం కనిపించదు, పేరు తెలియదు. గొంతు నచ్చితే ముందున్న మీట నొక్కుతారు, కుర్చీ గిర్రున తిరుగుతుంది. కుర్చీ కింద అక్షరాలు వెలుగుతాయి, 'నీ గొంతు నాకు కావాలి' అని. ఒకరికంటే ఎక్కువమంది తిరిగితే మాత్రం సీను మారిపోతుంది. అప్పటిదాకా పరీక్ష రాస్తున్నట్టు నిలబడ్డ కుర్రాడు తిరిగినవాళ్లలో ఎవరి దగ్గర చేరాలో తానే తేల్చాలి. పెద్ద పెద్ద గాయకులు నా దగ్గరికి రా, నా దగ్గరికి రా అని బతిమాలతారు. మన ఊళ్లో ఇంటర్మీడియెట్ రిజల్ట్స్ వచ్చిన రోజు ర్యాంకు వచ్చిన పిల్లాడి ఇంటికి కాలేజీలవాళ్లు వచ్చినట్టు ఉంటుంది. (నవ్వులు)

కుర్చీలో ఉన్నవాళ్లను అక్కడ జడ్జీ అనరు, కోచ్ అంటారు. ఎంచుకున్నవాళ్లకు తర్వాత పాట నేర్పేది, పోటీలో నిలబెట్టేది వాళ్లే. గురువూ న్యాయమూర్తీ ఒక్కరే అన్నమాట. ఇందులోని చిక్కు తర్వాత చెప్తాను.

మా అమ్మాయి ఉండే బిల్డింగులో పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. డెబ్భై దాటి ఉంటాయి. ఒంటరిది. పోటీ వచ్చే రాత్రి కిందికి దిగి మా ఇంట్లోనే చూసేది. మా అమ్మాయి మధ్యలో కూర్చుని ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకూ చెప్పేది. ఒక రాత్రి పియానో దగ్గర కూర్చోవడం అలవాటైన ఒక కోచ్, మనిషి కాస్త పరధ్యానంగా ఉంటాడు, ఓడిపోయిన ఒక అమ్మాయితో చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ తెర వైపు వేలు చూపించి అంది, వీడు కూడా రెండోవాడే అని. నాకు బోధపడలేదు. అప్పుడు ఆవిడ వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. ఇవాళ నేను మీకు చెప్పాలనుకున్నది ఆ లెక్కే.

స్పెయిన్‌లో లా వోస్ కంటే ముందు ఇంకో పాటల పోటీ ఉంది. 'ఒపెరాసియోన్ త్రియుంఫో', అంటే విజయం కోసం దండయాత్ర లాంటి పేరు. 2001 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ టీవీలో మొదలైంది. దానిలో కుర్చీలు లేవు, బడి ఉంది. పదహారు మందిని ఒక అకాడమీలో ఉంచి తలుపులు వేసేశారు. పొద్దున లేచింది మొదలు గొంతు క్లాసు, డాన్సు క్లాసు, నటన క్లాసు, చుట్టూ కెమెరాలు. వారానికొకసారి వేదిక మీద పాట. జడ్జీలు నలుగురి పేర్లు వెళ్లిపోవాల్సినవాళ్లుగా చెప్తారు. ఆ నలుగురిలో ఒకరిని అకాడమీ మాస్టర్లు కాపాడొచ్చు. ఇంకొకరిని తోటి పిల్లలే కాపాడొచ్చు. మిగిలిన ఇద్దరి తలరాత జనం ఫోన్లలో తేలుస్తారు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. జడ్జీ మాట, గురువు మాట, నేస్తుల మాట, జనం మాట, నాలుగూ వేరువేరుగా వినిపిస్తాయి. మన టీవీ పోటీల్లో ఈ నాలుగింటినీ కలిపి పచ్చడి చేసి, చివర మార్కులు అని చెప్తారు.

ఆ మొదటి పోటీ స్పెయిన్‌ని ఊపేసింది. 2002 ఫిబ్రవరి 11న ఫైనల్ జరిగితే కోటీ పాతిక లక్షల మందికి పైగా చూశారు. ఆ దేశం మొత్తం జనాభానే అప్పటికి నాలుగు కోట్ల చిల్లర. గెలిచింది గ్రనాడా వైపు నుంచి వచ్చిన రోసా లోపెస్ అనే అమ్మాయి. పెళ్లిళ్లలో, ఊరి ఉత్సవాల్లో పాడుకునే పిల్ల, బిడియస్తురాలు. గొంతెత్తితే మాత్రం హాలు నిండిపోయేది. రెండో స్థానం దావీద్ బిస్బాల్ అనే ఉంగరాల జుట్టు కుర్రాడిది. అల్మెరియా అతని ఊరు. మొక్కల నర్సరీలో పని చేశాడు, తర్వాత ఊరూరా తిరిగే ఆర్కెస్ట్రాలో పాడాడు.

ఆర్కెస్ట్రా అన్నానుగా, ఒక్క నిమిషం దాని గురించి చెప్పాలి. అక్కడ ఊరి పండగలకు వచ్చి రాత్రంతా పాడి ఆడే బృందాన్ని 'ఒర్కెస్తా' అంటారు. మనం శ్రీరామనవమి పందిట్లో, వినాయక చవితి నిమజ్జనం ముందు రోజు పెట్టించేదాన్ని ఏమంటాం? ఆర్కెస్ట్రానే. మాటా అదే, పనీ అదే. ఎవరికి ఏ పాట కావాలంటే ఆ పాట పాడాలి, మైకు ఎలా ఉన్నా పాడాలి, ముందు వరసలో తాగినవాడు అరుస్తున్నా పాడాలి. బిస్బాల్‌కి అకాడమీ మూడు నెలల్లో నేర్పింది ఎంతో నాకు తెలీదుగానీ, వేదిక మీద ఊపిరి పట్టుకుని గిరగిరా తిరుగుతూ పాడటం ఆర్కెస్ట్రా నేర్పిందని చూడగానే తెలిసిపోతుంది. ఆర్కెస్ట్రాలో పాడేవాళ్లంటే మన సంగీత సభల్లో ఇప్పటికీ కొంచెం చిన్నచూపు ఉంది. నాలోనూ ఉండేది, ఒప్పుకుంటున్నాను.

రోసా గెలిచింది కాబట్టి 2002లో ఎస్తోనియా దేశంలోని తాలిన్‌లో జరిగిన యూరోవిజన్‌కి, అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీకి, స్పెయిన్ తరఫున వెళ్లింది. ఏడో స్థానం వచ్చింది. ఆ రోజు రోసా వెనక కోరస్ పాడింది ఎవరనుకుంటున్నారు? ఆమె చేతిలో ఓడిన బిస్బాల్. పక్కనే నాలుగో స్థానంలో వచ్చిన చెనోవా. గెలిచిన పిల్ల ముందు నిలబడితే ఓడినవాళ్లు వెనక నిలబడి ఆమె పాటకు బలం పట్టారు. ఆ మరుసటి ఏడే బిస్బాల్‌కి కొత్త గాయకుడిగా లాటిన్ గ్రామీ అవార్డు వచ్చింది. 2012లో లా వోస్ మొదలైనప్పుడు మొదటి నలుగురు కోచ్‌లలో అతనొకడు. చెనోవా సంగతి ఇంకా చిత్రం. 2023లో అదే ఒపెరాసియోన్ త్రియుంఫో మళ్లీ వచ్చినప్పుడు కార్యక్రమం నడిపింది ఆమే.

పెద్దావిడ రెండో వేలు మడిచింది. మనుయెల్ కర్రాస్కో. పోర్చుగల్ సరిహద్దు దగ్గర ఇస్లా క్రిస్తీనా అనే సముద్రపు ఊరివాడు. చిన్నప్పుడు ఊరి కార్నివాల్ బృందాల్లో పాడేవాడు. ఒపెరాసియోన్ త్రియుంఫో రెండో సీజన్‌లో రెండోవాడు. 2016లో లా వోస్ కోచ్ అయ్యాడు. ఆ ఏడు అతని జట్టులోని అమ్మాయే గెలిచింది. 2022లో సెవిల్లే స్టేడియంలో అతని కచేరీకి డెబ్భై వేల మందికి పైగా వచ్చారు.

మూడో వేలు ఆ పరధ్యానం మనిషి, పాబ్లో లోపెస్. మలగా దగ్గరి ఫ్వెంహిరోలా ఊరు. 2008లో రెండోవాడు. కానీ ఇతని కథలో మెరుపు లేదు. పోటీ అయిపోయాక మొదటి ఆల్బమ్ బయటికి రావడానికి ఐదేళ్లు పట్టింది. 2013లో వచ్చింది. ఆ ఐదేళ్లు ఎలా గడిపాడో, ఎవరు గుర్తుపెట్టుకున్నారో మీరే ఊహించుకోండి. టీవీలో మూడు నెలలు దేశమంతా నీ పేరు జపించి, ఆ తర్వాత ఫోన్ మోగడం మానేస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఓడిన అమ్మాయితో అంతసేపు ఎందుకు మాట్లాడాడో నాకు అప్పుడు అర్థమైంది.

నాలుగో మనిషి కుర్చీ ఎక్కింది నేను తిరిగొచ్చాక. 2017 ఒపెరాసియోన్ త్రియుంఫోలో ఐతానా అనే పిల్ల రెండోది. గెలిచింది పాంప్లోనా అమ్మాయి అమాయా, ఆమే చాలా గట్టి గాయని. ఐతానా 2022లో పిల్లల లా వోస్‌లో కోచ్‌గా కూర్చుంది. ఆ కుర్చీల వరసలో బిస్బాల్ కూడా ఉన్నాడు. పెద్దావిడ బతికుంటే నాలుగో వేలు మడిచేది.

అంటే ఏమిటి? గెలిచినవాళ్లు చెడిపోయారు, ఓడినవాళ్లు బాగుపడ్డారు అని నేను అనడం లేదు. అలాంటి కథలు వాట్సాప్‌లో బోలెడు వస్తాయి, నాకు నచ్చవు. రోసా ఇప్పటికీ పాడుతోంది, అమాయాకి మంచి పేరుంది. పైగా కుర్చీల్లో కూర్చున్న అందరూ పోటీల్లోంచి వచ్చినవాళ్లు కాదు. కోచ్‌లలో ఒకరైన రొసారియో ఫ్లోరెస్ తల్లి, పాత తరం గాయని లోలా ఫ్లోరెస్. ఆ పేరు చెప్తే అక్కడి ముసలాళ్లు లేచి నిలబడతారు. ఇంకో కోచ్ మలూ, గిటారు విద్వాంసుడు పాకో దె లూసియాకి అన్న కూతురు. ఆమె పదహారేళ్లకు, 1998లో, మొదటి ఆల్బమ్ తెచ్చింది. దాని పేరుకు తెలుగులో అర్థం 'శిష్యురాలు'. ఆ పేరుతో ఉన్న పాట రాసిచ్చింది అలెహాండ్రో సాన్స్ అనే గాయకుడు. 2015 సీజన్‌లో ఆ సాన్స్, ఆ మలూ పక్కపక్క కుర్చీల్లో కోచ్‌లుగా కూర్చుని, ఒకే కుర్రాడి కోసం పోట్లాడుకున్నారు. శిష్యురాలు గురువుగారి చేతిలోంచి కుర్రాణ్ని లాక్కుపోతుంటే చూడటం సరదాగా ఉంటుంది.

కాబట్టి ఆ కుర్చీకి రెండు దారులున్నాయి. ఇంట్లో పాట ఉండటం ఒకటి, ఓడి రావడం ఒకటి. నాకు రెండో దారి వాళ్ల మాట వినబుద్ధవుతుంది. ఎందుకో చెప్తాను.

లా వోస్‌లో అందరూ కుర్చీ తిరగడాన్ని చూస్తారు. నేను కుర్చీ తిరగని పాటల కోసం ఎదురుచూసేవాణ్ని. పాట అయిపోతుంది, నలుగురిలో ఒక్కరూ మీట నొక్కరు. ఆ తర్వాతే కుర్చీలు నాలుగూ తిరుగుతాయి. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఆమె ముఖం చూస్తూ, నిన్ను ఎందుకు ఎంచుకోలేదో చెప్పాలి. తప్పించుకోవడానికి లేదు, కెమెరా ఉంది, పక్క గదిలో ఆమె అమ్మానాన్నలు ఉన్నారు. ఆ సీజన్‌లో నేను విన్నవాటిలో మూడు కారణాలు మళ్లీ మళ్లీ వచ్చేవి. మా అమ్మాయి విసుక్కుంటూనే చెప్పేది, నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ని.

ఒకటి, శ్రుతి. తన గొంతుకి సరిపోయే శ్రుతి కాకుండా, పెద్ద గాయకులు పాడిన శ్రుతిలోనే పాడాలని పట్టు. పల్లవి బాగానే ఉంటుంది, పైకి వెళ్లేసరికి గొంతు అరుపవుతుంది. రెండు, మొదట్లోనే అంతా ఖర్చు పెట్టేయడం. పాడటానికి ఉండేది నిమిషంన్నర. ఎవరైనా తిరుగుతారో లేదో అని తొలి వాక్యంలోనే గమకాలన్నీ కుమ్మరిస్తారు, ఇంక వినడానికి ఏమీ మిగలదు. మూడోది మనకి బాగా తగిలేది. వేరేవాళ్ల గొంతుతో పాడటం. ముఖం కనిపిస్తుంటే అనుకరణ ముచ్చటగా ఉంటుంది. ఇంత చిన్న పిల్లాడు అచ్చం ఘంటసాలలాగా పాడాడు అని చప్పట్లు కొడతాం. వీపు తిప్పి వింటే ముచ్చట పోయి అనుకరణ మాత్రమే మిగులుతుంది. ఈ కుర్చీని గోడకి తిప్పింది ఆ మూడోదాని కోసమే. శిబిరంలో మొదటి మూడు రోజులు నాకు మీ పిల్లలెవరూ వినిపించలేదు. సినిమా గాయకులే వినిపించారు. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు వద్దు. ఇది నా తప్పు కూడా.

చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో నవమి పందిట్లో పాటల పోటీకి నన్ను జడ్జీగా పిలిచారు. ఒక కుర్రాడు, పన్నెండు పదమూడేళ్లుంటాయి, బ్రహ్మాండంగా ఎత్తుకుని చరణంలో పడిపోయాడు. శ్రుతి ఒకటిన్నర మెట్టు దించితే వాడే ఫస్టు. మేం ఏ బహుమతీ ఇవ్వలేదు. తర్వాత వాడు నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, మాస్టారూ నేనేం తప్పు పాడాను అని అడిగాడు. నేను ఏమన్నానో తెలుసా? బాగా పాడావు బాబూ, ఇంకా సాధన చెయ్యి, అన్నాను. అని పులిహోర తినడానికి వెళ్లిపోయాను. సాధన చెయ్యి! ఏది సాధన చెయ్యాలి? తప్పు శ్రుతిలో ఇంకో ఏడాది సాధన చేస్తే గొంతు పోతుంది. వాడికి చెప్పాల్సింది ఒక్క వాక్యం. దానికి అర నిమిషం పట్టేది.

పాబ్లో లోపెస్ ఆ రాత్రి ఓడిన అమ్మాయికి ఆ అర నిమిషం ఇచ్చాడు. అందుకే ఆ పేరు నాకు గుర్తుండిపోయింది.

ఇక ఇందాక చిక్కు అన్నానే, అది. లా వోస్‌లో కుర్చీలు అయిపోయాక 'బతాయాలు' వస్తాయి, అంటే యుద్ధాలు. కోచ్ తన జట్టులోంచే ఇద్దరిని తీసి, ఒకే పాట ఇచ్చి, ఎదురెదురుగా నిలబెడతాడు. మొదటి సీజన్లలో వేదికను బాక్సింగ్ బరిలాగే కట్టారు. ఇద్దరికీ ఆయనే నేర్పుతాడు. ఇద్దరూ పాడతారు. ఒకరిని ఆయనే పంపేస్తాడు. మిగతా కోచ్‌లకు కావాలంటే ఆ పోయేవాళ్లను తమ జట్టులోకి తీసుకోవచ్చు, దీన్ని అక్కడ 'దొంగతనం' అనే అంటారు. టీవీకి ఇది పండగ. పాఠం చెప్పేవాడికి మాత్రం నరకం అనుకుంటాను. నా దగ్గర నేర్చుకునే ఇద్దరిలో ఒకరిని నేనే ఊరవతల వదిలిరావాలంటే, నేర్పేటప్పుడు నా మనసు ఎటు ఉంటుంది? ఎవరు పోతారో లోపల ముందే తేలిపోయి ఉంటే, ఆ పిల్లకి నిజంగా నేర్పుతానా? అకాడమీ పోటీలో మాస్టర్లకు కాపాడే హక్కు మాత్రమే ఉంది, పంపే పని లేదు. బడిగా చూస్తే నాకు అదే నచ్చింది. టీవీగా చూస్తే కుర్చీలే గెలుస్తాయి, ఒప్పుకోక తప్పదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ కోచ్‌లు నేర్పేది టీవీలో కనిపించినంత ఉండదు. వాళ్లకు కచేరీలున్నాయి, ఊళ్లు తిరగాలి. మనకు చూపించేది ఒకట్రెండు రిహార్సల్స్. రోజూ గొంతు సాధన చేయించేవాళ్లు, శ్రుతి కుదిర్చేవాళ్లు, పాటని నిమిషంన్నరకి కోసి అమర్చేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల ముఖాలు మనకు కనపడవు. అలాగే కుర్చీల ముందుకొచ్చేవాళ్లు దారిన పోయేవాళ్లు కాదు. కెమెరా లేని వడపోతలు దాటి వచ్చినవాళ్లు. ఆ వడపోతలో ముఖమూ చూస్తారు, కథా వింటారు. కాబట్టి కుర్చీకే కళ్లు లేవు, కార్యక్రమానికి బాగానే ఉన్నాయి.

పిల్లల సంగతికి వస్తాను, మీరంతా అందుకే వచ్చారు. 2014 నుంచి అక్కడ పిల్లల లా వోస్ ఉంది. 2018లో గెలిచిన మెలానీ అనే వలెన్సియా వైపు పిల్ల ఒపెరా పద్ధతిలో పాడుతుంది. మరుసటి ఏడు పోలండ్‌లో జరిగిన పిల్లల యూరోవిజన్‌లో మూడో స్థానం తెచ్చింది. వినడానికి బాగుంది కదా. కానీ అదే కార్యక్రమంలో కుర్చీ తిరగని తొమ్మిదేళ్ల పిల్లలు ఏడుస్తుంటే కోచ్‌లు పరుగెత్తుకెళ్లి ఎత్తుకోవడం కూడా చూశాను. ఎత్తుకునే చేతులు మంచివే. అసలు అంతదాకా ఎందుకు తేవాలి అనే నా ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు.

ఇంకో పిల్లాడి కథ కూడా చెప్పేస్తాను. అంతోనియో హొసే అని, 2005లో పదేళ్లకే పిల్లల యూరోవిజన్‌కి స్పెయిన్ తరఫున వెళ్లాడు. రెండో స్థానం. తర్వాత పదేళ్లు ఆగి, గొంతు విరిగి మళ్లీ కుదురుకున్నాక, 2015లో పెద్దవాళ్ల లా వోస్‌కి వచ్చి అంతోనియో ఒరోస్కో జట్టులోంచి గెలిచాడు. మగపిల్లల తల్లిదండ్రులు ఇది వినాలి. పదమూడు పద్నాలుగేళ్లకు గొంతు మారేటప్పుడు పోటీలకి తిప్పకండి, ఆ ఏడాదో రెండేళ్లో వదిలేయండి.

వయసు అంటే గుర్తొచ్చింది. అరవై దాటినవాళ్లకీ లా వోస్ పెట్టారు, నేను తిరిగొచ్చిన తర్వాతి నెలల్లో. మొదటిసారి గెలిచింది ఎలేనా బియాంకో. ఆవిడ 1960ల్లోనే ఒక బృందంలో పాడి దేశమంతా మారుమోగించింది. యాభై ఏళ్ల తర్వాత, డెబ్భై దాటాక, మళ్లీ వరసలో నిలబడి, తనకంటే చిన్నవాళ్ల వీపులు చూస్తూ పాడింది. మా పై అంతస్తు పెద్దావిడ ఫోన్‌లో ఏడ్చిందని మా అమ్మాయి చెప్పింది. ఆ పాట వాళ్ల పెళ్లినాటిదట.

మనకీ స్పెయిన్‌కీ ఏం సంబంధం మాస్టారూ అని వెనక నుంచి ఒకాయన అడుగుతున్నారు. ఉందండీ. ఆ అకాడమీ పోటీని 2005లో మన దేశంలో హిందీలో 'ఫేమ్ గురుకుల్' పేరుతో తీశారు, సోనీ టీవీలో. అందులో పద్దెనిమిదేళ్ల బెంగాల్ కుర్రాడు ఒకడు మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. పేరు అరిజిత్ సింగ్. (చప్పట్లు) మీ ఫోన్లలో ఉన్న పాటల్లో ఎన్ని ఆయనవో లెక్కపెట్టుకోండి, తెలుగు సినిమాల్లోనూ పాడారు. ఇక గురువే జడ్జీగా కూర్చోవడం మనకి కొత్త కాదు. 1996 నుంచి 'పాడుతా తీయగా'లో బాలుగారు చేసింది అదే. కుర్చీ తిప్పలేదు, ఎదురుగానే కూర్చుని, ఇదిగో ఇక్కడ ఇలా అనాలమ్మా అని పాడి చూపించేవారు. మార్కులు ఎన్నో మర్చిపోయినవాళ్లు కూడా ఆయన దిద్దిన చోటు మర్చిపోలేదు.

(సభలోంచి ఒక తల్లి ప్రశ్న, రికార్డింగులో సరిగా వినపడలేదు.)

పంపించమంటారా వద్దా అనే కదమ్మా మీరు అడిగేది? పంపండి. నేనెవర్ని వద్దనడానికి? కానీ రెండు పనులు చేయండి. పాట ఏదో మీరు నిర్ణయించకండి, పిల్ల నిర్ణయించాలి. శ్రుతి నేనో ఇంకో మాస్టారో చూస్తాం. రెండోది, ఓడి ఇంటికి వస్తే కారులోనే విశ్లేషణ మొదలుపెట్టకండి. జడ్జీలకేం తెలుసు అని కూడా అనకండి. ఆ మాట పిల్లలకు ఇష్టంగానే ఉంటుంది, అదే వాళ్లని చెడగొడుతుంది. ఏదైనా తినిపించండి. మర్నాడు నా దగ్గరికి పంపండి. సాధన చెయ్యి అని మాత్రం అనను, మాటిస్తున్నాను.

ఇంకెవరైనా అడుగుతారా? లేదా? టైం ఎంతయింది... సరే, ఇంకా అరగంట ఉంది.

ఒరేయ్, ఆ హార్మోనియం ఇటు జరుపు. కుర్చీ అలాగే ఉండనివ్వండి, గోడ వైపే. ఇవాళ నేను కాదు, మీలో ఎవరైనా ఒక తండ్రి వచ్చి అందులో కూర్చోండి. రండి సార్, సిగ్గుపడకండి. వెనక్కి చూడొద్దు. ఆ, ఇప్పుడు మూడో వరసలోంచి పాప, నువ్వు రా. పేరు చెప్పకు. నిన్న పాడిన శ్రుతి వద్దు, అర మెట్టు కిందికి పెట్టాను చూడు. నిదానంగా ఎత్తుకో.